ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళేవాళ్ళ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

మీ పేపర్లో ఈమధ్య సైకిల్ గురించి రెండు మూడుసార్లు వచ్చింది, అన్నీ చదివాను. ఒకటి గుండెకి మంచిదని, ఇంకోటి వీకెండ్ రైడ్ గ్రూపుల గురించి, ఫొటోలు కూడా బావున్నాయి. కానీ అన్నిట్లోనూ సైకిల్ అంటే ఆదివారం పొద్దున తొక్కి మళ్ళీ కారు వెనకాల తగిలించుకుని ఇంటికి తెచ్చుకునేదిగానే రాశారు. సోమవారం పొద్దున లంచ్ బాక్స్ క్యారియర్‌కి కట్టుకుని డ్యూటీకి బయల్దేరేవాళ్ళ గురించి ఒక్క లైను కూడా లేదు. అలాంటివాళ్ళు మన హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారండి, నేనూ ఒకదాన్ని. కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేట్‌లో బ్యాంకు ఉద్యోగానికి సైకిల్ మీదే వెళ్తాను, మరీ కుండపోత వాన ఉంటే మెట్రో. మా బ్రాంచిలో వాళ్ళు, అపార్ట్‌మెంట్లో వాళ్ళు "మేం కూడా మొదలుపెడదాం అనుకుంటున్నాం మేడం, ఎట్లా?" అని అడుగుతూనే ఉంటారు. అడిగినవాళ్ళలో చాలామంది మొదలే పెట్టరు, పెట్టినవాళ్ళలో కొందరు నెల తిరక్కుండానే ఆపేస్తారు. వాళ్ళకి ఓపిక లేక కాదు, దమ్ము లేక అసలే కాదు. సరిపడని సైకిల్ కొనడం, కార్లకోసం వేసిన రోడ్డు మీదే వెళ్ళడం, చేరిన చోట సైకిల్ పెట్టుకోవడానికి జాగా లేకపోవడం, నేను చూసినంతలో ఈ మూడింట్లో ఏదో ఒకటి. మొదటి రెండూ ఎవరికి వాళ్ళు సరిచేసుకోవచ్చు, మూడోది మాత్రం మన చేతిలో లేదు, దానికోసమే ముఖ్యంగా ఈ ఉత్తరం.

ముందు సైకిల్ సంగతి. షాపులో అడుగుపెట్టగానే చూపించేది లావు టైర్లు, ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లు ఉన్న ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్. కుర్రాళ్ళకి చూడగానే నచ్చేస్తుంది. అది గుట్టలు ఎక్కడానికి చేసిన సైకిల్, తారు రోడ్డు మీద రోజూ పది కిలోమీటర్లు తొక్కితే మనం వేసిన బలంలో కొంత ఆ స్ప్రింగులకే పోతుంది, గరుకు టైరు రోడ్డుని పట్టుకుని వెనక్కి లాగుతుంది, వారం తిరిగేసరికి మనిషి అలిసిపోయి ఇది నావల్ల కాదు అనుకుంటాడు. లోపం మనిషిలో లేదు, సైకిల్ ఎంచుకోవడంలో ఉంది. వంపు హ్యాండిలు, 25 లేదా 28 మిల్లీమీటర్ల సన్న టైర్లు ఉన్న రోడ్ బైక్ అయితే గాల్లో తేలినట్టు పోతుంది, దూరాలు తొక్కాలనుకునేవాళ్ళకి దాన్ని మించింది లేదు, కాకపోతే ఖరీదెక్కువ, గుంతల దగ్గర జాగ్రత్త కావాలి, క్యారియర్ బిగించే వీలు చాలావాటికి ఉండదు. అందుకే ఆఫీసు కోసం అడిగినవాళ్ళకి నేను చెప్పేది హైబ్రిడ్, ఈ రెండిటికీ మధ్యరకం. తిన్నటి హ్యాండిలు, 32 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా టైరు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు షాక్ అబ్జార్బర్ లేకుండా గట్టిది, మడ్‌గార్డులూ క్యారియరూ బిగించుకోడానికి ఫ్రేముకి రంధ్రాలు. గేర్లు ఏడో ఎనిమిదో ఉంటే చాలు, ఇరవైయొక్క గేర్లు అని బోర్డు మీద రాసినంత మాత్రాన స్పీడు రాదు. విజయవాడలోనో కాకినాడలోనో ఉండేవాళ్ళకి ఆ గేర్లు కూడా లేకపోయినా నడుస్తుంది, అక్కడ నేల చదును. హైదరాబాద్‌లో మాత్రం ప్రతి కిలోమీటరుకీ ఎక్కుడూ దిగుడూ ఉంటుంది కాబట్టి గేర్లు కావాలి. ఇంకో మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కొనేటప్పుడు బిల్లులో చూసుకోండి.

కొన్నాక సీటు ఎత్తు. దీని దగ్గరే చాలామంది మోకాళ్ళు పాడుచేసుకుంటున్నారు. మనవాళ్ళకి సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళూ పూర్తిగా నేలకి ఆనాలి, అప్పుడే ధైర్యం. అలా పెట్టుకుంటే తొక్కే ప్రతిసారీ మోకాలు మరీ ఎక్కువ మడతపడి, కొన్నాళ్ళకి చిప్ప ముందుభాగంలో నొప్పి మొదలవుతుంది. గోడ పట్టుకుని సీటెక్కి కూర్చోండి, పెడల్ బాగా కిందకి తెచ్చి మడమ దానిమీద పెట్టండి, కాలు తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంగే ఉంటుంది, అదే సరైన ఎత్తు. ఆగినప్పుడు సీటు మీదనుంచి ముందుకి దిగి కాలు పెట్టుకోవడం నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. గేరు కూడా అంతే, బరువు గేర్లో నెమ్మదిగా తోసేకన్నా తేలిక గేర్లో చకచకా తొక్కడం మేలు, పెడల్ నిమిషానికి డెబ్భై ఎనభై చుట్లు తిరిగితే కాళ్ళకి నొప్పుండదు, సిగ్నల్ దగ్గర ఆగేముందే తేలిక గేర్లోకి దించుకుంటే పచ్చలైటు పడగానే ఊగిసలాడకుండా కదులుతాం.

గాలి సంగతి కూడా చెప్పేస్తాను. టైరు పక్కగోడ మీద ఎంత పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పట్టాలో రాసి ఉంటుంది, హైబ్రిడ్ టైర్లకి సుమారుగా యాభై నుంచి డెబ్భై, సన్న రోడ్ బైక్ టైర్లకి ఎనభై పైన. వారానికోసారైనా కొట్టుకోవాలి, గాలి తక్కువైతే తొక్కడం బరువవడమే కాదు, గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకి నొక్కుకుని రెండుచోట్ల చిల్లుపడుతుంది. కొన్ని సైకిళ్ళకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, పెట్రోల్ బంకులో గాలి పైపు దానికి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, దాన్ని తాళాల గుత్తికి తగిలించుకుంటే సరి. స్పేర్ ట్యూబు, టైరు విప్పే ప్లాస్టిక్ లీవర్లు, చిన్న పంపు సీటు కింద సంచిలో పెట్టుకోండి. మా వీధి పంక్చర్ షాపాయన "అక్కా, మీరు కూడా నేర్చుకోండి, దార్లో ఎక్కడైనా అయితే పనికొస్తది" అని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించాడు, అలాంటివాళ్ళు ప్రతి పేటలోనూ ఉన్నారు, అడిగితే నేర్పుతారు.

ఆడవాళ్ళ గురించి రెండు మాటలు, ఎందుకంటే సైకిల్ ఆర్టికల్స్‌లో మా సంగతి అసలు రాదు. మాలో చాలామందికి చిన్నప్పుడే సైకిల్ వచ్చు, ఊళ్ళో గంటకి ఇంత అని అద్దె సైకిల్ తీసుకుని నేర్చుకున్నవాళ్ళమే, హైస్కూలుకి సైకిల్ మీద వెళ్ళినవాళ్ళం కూడా ఉన్నాం. పెళ్ళయ్యాకో ఉద్యోగం వచ్చాకో ఆగిపోయింది, అంతే. మళ్ళీ ఎక్కితే ఒక్క రోజులో వచ్చేస్తుంది, భయపడకండమ్మా. అడ్డ బార్ లేని ఫ్రేములు గేర్ల సైకిళ్ళలో కూడా దొరుకుతున్నాయి, చైను మొత్తం కప్పే గార్డు ఉన్నది చూసుకోండి, చున్నీ మాత్రం పూర్తిగా చుట్టి నడుముకి కట్టేసుకోవాలి లేదా బ్యాగులో పెట్టేసుకోవాలి, చక్రంలో పడితే మనిషినే లాగేస్తుంది. రోడ్డు మీద వింతగా చూస్తారన్నది నిజమే. చూడనివ్వండి.

ఇక దారి. ఫోన్లో మ్యాప్ చూపించేది కార్లకి తొందరగా అయ్యే దారి. సైకిల్‌కి కావాల్సిన దారి వేరే, అది కాలనీల లోపలనుంచి పోతుంది. ఉదాహరణకి మా రూటే చూడండి, మూసాపేట దాటి రైల్వే లైను మీద భరత్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కక తప్పదు, ఆ ఒక్కచోటా మెయిన్ రోడ్డే. కానీ ఎర్రగడ్డ దాటాక మెట్రో పిల్లర్ల కిందే బస్సుల మధ్య ఇరుక్కుని వెళ్ళాల్సిన పనిలేదు, కుడివైపు కల్యాణ్‌నగర్, వెంగళరావునగర్, మధురానగర్ గల్లీల్లోంచి అమీర్‌పేట్ తేలొచ్చు, చెట్ల నీడ కూడా ఉంటుంది. కిలోమీటరు ఎక్కువైనా ప్రాణం నిమ్మళంగా ఉంటుంది. కొత్తవాళ్ళు ఒక ఆదివారం పొద్దున ఖాళీ రోడ్ల మీద తమ దారి మొత్తం ఒకసారి తొక్కి చూడాలి, ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ రాంగ్ రూట్‌లో బైకులు ఎదురొస్తాయి, ఏ సిగ్నల్ దగ్గర ఫ్రీ లెఫ్ట్ ఉంది అని. గంటకి పదిహేను కిలోమీటర్ల చొప్పున మెల్లగా తొక్కినా పది కిలోమీటర్లకి నలభై నిమిషాలు, పీక్ టైములో ఇదే దూరానికి కార్లో ఎంతసేపు పడుతుందో ఈ రూట్లో తిరిగేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

రోడ్డు మీద ఎక్కడ ఉండాలన్నది అన్నిటికన్నా ముఖ్యం, కొత్తవాళ్ళకి దీన్ని ఎవరూ చెప్పరు. భయంతో రోడ్డు అంచుని పట్టుకుని పోతారు. అంచునే ఇసుక ఉంటుంది, గాజుపెంకులు ఉంటాయి, మురికినీటి కాలువ ఇనప జాలీలు ఉంటాయి, పక్కన ఆగి ఉన్న కారు తలుపు ఠక్కున తెరుచుకుంటుంది. అంచుకి ఒక మీటరు లోపలికి రండి, ఆగిన కార్లకి తలుపంత దూరం వదలండి. అలా ఉంటే వెనకవాళ్ళకి కనిపిస్తాం కూడా, మనల్ని దాటాలంటే వాళ్ళు కాస్త పక్కకి జరగాల్సి వస్తుంది. బస్సుకీ లారీకీ ఎడమపక్కన మాత్రం ఎప్పుడూ ఆగొద్దు, డ్రైవరు సీటు కుడివైపు, ఎడమపక్క ముందు మూల దగ్గర ఉన్న సైకిల్ ఆయనకి కనిపించదు, ఆయన ఎడమకి తిప్పాడంటే మనం చక్రాల కిందే. వెనకాలే ఆగండి, పోతే రెండు నిమిషాలు పోతుంది. పెద్ద జంక్షన్లో కుడికి తిరగాలంటే నలుగురి మధ్యలోంచి అడ్డంపడి వెళ్ళడం కన్నా దిగి సైకిల్ నడిపించుకుంటూ జీబ్రా క్రాసింగ్ మీద దాటడం మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు. వానలో మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద తెల్ల గీతలు జారతాయి, చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులు తడిస్తే ఆలస్యంగా పడతాయి, రెండు బ్రేకులూ కలిపి ముందునుంచే మెల్లగా పట్టాలి. చీకటి పడ్డాక వెనకాల ఎర్రలైటు లేకుండా రోడ్డెక్కొద్దు, ముందు తెల్లలైటు కూడా. హెల్మెట్ తప్పనిసరి అని చట్టం మోటారు బండ్లకే చెప్తోంది, సైకిల్‌కి లైసెన్సు కూడా అక్కర్లేదు, అయినా తల మనదే కదా, పెట్టుకోండి.

చెమట గురించి అందరూ అడుగుతారు. బ్యాగు వీపుకి తగిలించుకోకుండా క్యారియర్‌కి కట్టేస్తే సగం చెమట తగ్గిపోతుంది. ఒక జత బట్టలు ఆఫీసులోనే పెట్టుకుని, తడి తువ్వాలుతో తుడుచుకుని మార్చుకుంటే సరిపోతుంది. మే నెలలో నలభై డిగ్రీల ఎండకి మాత్రం పట్టుదలకి పోవద్దు, పొద్దున్నే బయల్దేరండి, కుదరకపోతే ఆ నెల మెట్రోలో వెళ్ళండి.

ఇంతవరకు చెప్పింది ఎవరికి వాళ్ళు చేసుకోగలిగింది. ఇప్పుడు అసలు విషయం. ఇంత చేసుకుని ఆఫీసుకి చేరితే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేస్తాడు, "సైకిల్ లోపల పెట్టనివ్వరు మేడం, బయట పెట్టుకోండి." ఆయన్ని అనడానికి లేదు, ఆయనకి పైనుంచి చెప్పింది అదే. సెల్లార్లో కార్లకి గీతలు గీసి నెంబర్లు వేశారు, బైకులకి చోటుంది, ఒక కారు పట్టే జాగాలో పది సైకిళ్ళు నిలబడతాయి, ఆ ఒక్క జాగా ఇవ్వరు. మా బిల్డింగ్‌లో కూడా ఇదే జరిగింది, అసోసియేషన్ వాళ్ళకి ఉత్తరాలు రాసి, మేనేజర్ గారితో చెప్పించి, చాలాకాలం తిరిగితే జనరేటర్ పక్కన ఒక మూల ఇచ్చారు. అది దొరికాక మా ఫ్లోర్లో ఇంకొంతమంది సైకిల్ మీద రావడం మొదలుపెట్టారు. వాళ్ళకి అంతకుముందు నేనెంత చెప్పినా రాలేదు, ఒక ఇనప రాడ్డూ తాళం వేసుకునే చోటూ వచ్చాక వచ్చారు! ఇరవై ముప్పై వేలు పెట్టి కొన్నది రోడ్డు మీద కరెంటు స్తంభానికి కట్టి రోజంతా పనిలో మనసు పెట్టమంటే ఎవరైనా ఎలా పెడతారు?

మెట్రో స్టేషన్ల దగ్గర కూడా ఇదే మాట. 2017 నవంబర్లో మెట్రో మొదలైన కొత్తలో స్టేషన్ల కింద అద్దె సైకిళ్ళు పెట్టారు, మంచి ఆలోచన. కానీ ఇంటినుంచి స్టేషన్ దాకా రెండు మూడు కిలోమీటర్లు తన సొంత సైకిల్ మీద వచ్చేవాడికి దాన్ని సాయంత్రం దాకా భద్రంగా పెట్టుకునే చోటు కావాలి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ప్రతి స్టేషన్లో నీడపట్టున, సీసీ కెమెరా కంటికి ఆనేచోట, ఫ్రేముకి తాళం వేసుకునేలా స్టాండు పెడితే ఆ రెండు కిలోమీటర్లకి ఆటోలకి పోసే డబ్బు కుటుంబానికి మిగులుతుంది. పది కిలోమీటర్లు తొక్కలేనివాళ్ళు ఆ రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టొచ్చు, నిజానికి కొత్తవాళ్ళకి నేను చెప్పే దారి కూడా అదే.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా అంటారు. ఉంది, నేనూ వెళ్తుంటాను, చాలా బావుంటుంది. 2023 అక్టోబర్ 1న ప్రారంభించినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క, కప్పు మీద 16 మెగావాట్ల కరెంటు. రోడ్ బైక్ కొత్తగా కొన్నవాళ్ళు వంపు హ్యాండిలు పట్టుకోవడం, గేర్లు మార్చడం, ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కడం నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అక్కడ అలవాటయ్యాక అనంతగిరి కొండల దాకా వెళ్ళేవాళ్ళు, ఆడాక్స్ క్లబ్బు వాళ్ళు గడువు పెట్టి నడిపే దూరపు రైడ్లలో (బ్రెవేలు అంటారు) 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేసేవాళ్ళు మన తెలుగువాళ్ళలో బోలెడుమంది ఉన్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ ఆ ట్రాక్ కూకట్‌పల్లివాళ్ళని అమీర్‌పేట్ తీసుకెళ్ళదు, ఉప్పల్‌వాళ్ళని సికింద్రాబాద్ తీసుకెళ్ళదు. దాని మీద పెట్టిన శ్రద్ధలో కొంచెం సిటీ లోపల పెట్టమని అడుగుతున్నాం, అంతే. ఊళ్ళో అక్కడక్కడా రంగు వేసి సైకిల్ లేన్ అన్నవాటి మీద ఇప్పుడు కార్లు ఆగి ఉన్నాయి, తోపుడుబండ్లు ఉన్నాయి. అడ్డుకట్ట లేకుండా ఒట్టి రంగు వేస్తే ఏ ఊళ్ళో అయినా ఇంతే అవుతుంది.

ఇదేదో కొత్తగా కనిపెట్టాల్సిన విషయం కూడా కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాకులు ఎలా కట్టాలో 1962లోనే ప్రమాణాలు రాసిపెట్టింది, 2015లో మళ్ళీ సవరించింది. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీద చోటు వాహనాలకి కాదు, మనుషులకి పంచాలని చెప్పింది. 2020లో కేంద్రం సైకిల్‌కి అనువుగా ఊళ్ళని మార్చడానికి సైకిల్స్ ఫర్ చేంజ్ అని నగరాల మధ్య పోటీ పెడితే ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ కూడా ఉంది. ఇన్ని కాగితాలున్నాయి. కాలువ జాలీ కమ్మీలు మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల రోడ్డు పొడవునా బిగిస్తున్నారు, సన్న టైరు ఆ సందులో దిగిపోతే మనిషి తల ముందుకి పడతాడు. అవే కమ్మీల్ని అడ్డంగా తిప్పి బిగిస్తే చక్రం పైనుంచి వెళ్ళిపోతుంది, నీళ్ళూ పోతాయి, దీనికి బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు, రోడ్డు వేసేటప్పుడు ఇంజనీరు ఒక్క మాట చెప్తే చాలు.

ఇంకొకటి మనసులో ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. సైకిల్ కమ్యూటింగ్ అని మనం ఇప్పుడు పేరు పెట్టి మాట్లాడుతున్నది ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళు ఉన్నారు. బాలానగర్ షెడ్లలో పనికెళ్ళేవాళ్ళు, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్లు, సైటు పనికొచ్చే మేస్త్రీలు, పాలు వేసే కుర్రాళ్ళు. మీ పేపరు మా గుమ్మం దగ్గరికి వచ్చేది కూడా సైకిల్ మీదే, తెల్లారి నాలుగున్నరకి, లైటు లేని సైకిల్ మీద. వాళ్ళకి హెల్మెట్ లేదు, రిఫ్లెక్టర్ లేదు, వాళ్ళ గురించి ఏ సైకిల్ సంఘమూ మాట్లాడదు. 2020లో జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం రోజే అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడితే మనందరం బాధపడ్డాం, ఆ నల్ల సైకిళ్ళు ఇప్పటికీ తొక్కుతున్నవాళ్ళని మాత్రం రోడ్డు మీద హారన్ కొట్టి పక్కకి నెడతాం. లేన్ వేసినా స్టాండు పెట్టినా ముందు వాళ్ళ రూట్లలో వెయ్యాలి, ఆ తర్వాతే మాలాంటి గేర్ల సైకిల్ వాళ్ళకి.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది ఇదండి. సిటీ పేజీలో వారానికి ఒక చిన్న కాలమ్ ఇవ్వండి, ఒక్కో వారం ఒక్కో రూటు, ఉప్పల్ నుంచి తార్నాక, మెహదీపట్నం నుంచి లక్డీకాపూల్, అలాగే విజయవాడ, వైజాగ్, వరంగల్ ఎడిషన్లలో అక్కడి రూట్లు, రోజూ తొక్కేవాళ్ళ చేతే రాయించండి. ఏ గల్లీలోంచి వెళ్ళొచ్చు, ఎక్కడ జాలీ ప్రమాదంగా ఉంది, ఏ స్టేషన్లో తాళం వేసుకునే చోటుంది అని. జాలీ ఫొటో పేపర్లో వస్తే ఇంజనీర్లు కదులుతారు, మేం ఎన్ని అర్జీలు పెట్టినా కదలరు. మీ దగ్గర పేపరు వేసే పిల్లల సైకిళ్ళకి ముందొక లైటు, వెనకొక లైటు ఏజెంట్ల ద్వారా ఇప్పించడం మీ చేతిలో పనే, అది ఎవర్నీ అడగక్కర్లేదు. కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేట్ రూటు నేను రాసి పంపిస్తాను, జాలీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటోలతో సహా.

ఇట్లు
ఒక బ్యాంకు ఉద్యోగిని,
కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాద్